పుస్తకం మూస్తే నేరం

మా వీధి చివర ఒక రెసిడెన్షియల్ కాలేజీ ఉంది. రాత్రి పదింటికి కూడా స్టడీ అవర్ నడుస్తూనే ఉంటుంది. వార్డెన్ గారు వరసల మధ్య తిరుగుతూ కనిపెట్టేది ఒక్కటే: ఎవడి పుస్తకమైనా మూసి ఉందా అని. ఒక కుర్రాడు పుస్తకం మూసి, కిటికీవైపు చూస్తూ, కిరణజన్య సంయోగక్రియను పెదవుల్లోనే గుర్తుచేసుకుంటున్నాడనుకోండి, దొరికిపోయాడు. "ఏంరా, కలలు కంటున్నావా?" పక్కవాడు కూర్చున్నచోటే కునుకు తీస్తున్నాడు గానీ పుస్తకం తెరిచే ఉంది కాబట్టి బుద్ధిమంతుడు. పైగా వాడి పేజీ హైలైటర్‌తో శ్రావణ శుక్రవారపు గడపలా పచ్చగా మెరిసిపోతోంది.

ఆదివారం ఫోన్లో అమ్మ అడిగేదీ అదే. "ఎన్నిసార్లు చదివావు నాన్నా?" "ఐదుసార్లు." "నా తండ్రే!" ఏం చదివావని అడిగితే ఆ కాస్త సంతోషమూ పోతుందేమోనని ఆవిడ భయం.

మళ్ళీ మళ్ళీ చదవడం మీదున్న ఈ భక్తిని అమెరికాలో రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు పరీక్షకు పెట్టి 2006లో ఫలితం ప్రకటించారు. కొందరు విద్యార్థులు ఒకే పాఠాన్ని నాలుగు విడతలు చదివారు. మరికొందరు ఒక విడత చదివి, తర్వాతి మూడు విడతలూ పాఠం చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాలకు అడిగితే చదివినవాళ్ళదే గెలుపు: వాళ్ళకు 83 శాతం గుర్తుంది, రాసినవాళ్ళకు 71. వారం పోయాక చదివినవాళ్ళు 40కి జారారు, రాసినవాళ్ళు 61 దగ్గర నిలిచారు. మాకే బాగా గుర్తుంటుందని ముందు ధీమాగా చెప్పింది మాత్రం చదివినవాళ్ళే! మన కాలేజీలు ఈ ప్రయోగాన్ని ఐదో నిమిషం దాకా చూసి లేచొచ్చినట్టున్నాయి.

"వారం వారం పరీక్ష పెడుతున్నాం కదా" అంటారు. పెడుతున్నారు, ర్యాంకు కోసం. మార్కులు నాన్న ఫోనుకు చేరతాయి. ఎక్కడ తప్పిందో కుర్రాడికి చేరదు. మర్చిపోయినవాణ్ణి కింది సెక్షన్‌కు తోసేస్తే, గుర్తుచేసుకునే ధైర్యం ఎవడికుంటుంది?

చూడకుండా గుర్తుచేసుకోవడానికి మన బడుల్లో అచ్చమైన మాటే ఉండేది: అప్పజెప్పడం. పలక బోర్లించి ఎక్కాలు అప్పజెప్పేవాళ్ళం. పంతులుగారి చేతిలో బెత్తం ఉండేది, నిజమే. అర్థం తెలియకపోయినా వల్లిస్తే చాలనుకునేవాళ్ళు, అదీ నిజమే. బెత్తాన్ని వదిలించుకునే తొందరలో అప్పజెప్పడాన్నీ వదిలేసి, బట్టీని మాత్రం భద్రంగా దాచుకున్నాం.

వార్డెన్ గారూ, ఆ కిటికీ పక్క కుర్రాణ్ణి వదిలేయండి. ఈ హాల్లో చదువుతున్నది వాడొక్కడే.