కొత్త పేషెంట్ కోఆర్డినేటర్లకు ఎనిమిది చిట్కాలు

కార్పొరేట్ ఆస్పత్రిలో పేషెంట్ కోఆర్డినేటర్‌గా చేరారా? శుభం. మెడలో ట్యాగు, చేతిలో ప్యాడు, ముఖాన చిరునవ్వు ఉన్నాయంటే సగం పని అయిపోయినట్టే. మిగతా సగం ఎలా ఎగ్గొట్టాలో నేను చెప్తాను. పేషెంటుకు అర్థమైతే ప్రశ్న పుడుతుంది. ప్రశ్న పుడితే మీ టీ చల్లారుతుంది. మన వృత్తి ధర్మమంతా ఇందులోనే ఉంది.

1. తెలుగులో మాట్లాడకండి. "క్రియాటినిన్ ఎలివేటెడ్‌గా ఉంది, నెఫ్రో ఒపీనియన్ తీసుకుందాం" అనేసి ముందుకు నడవండి. "కిడ్నీలు సరిగా పనిచేయడం లేదు పెద్దాయనా" అన్నారో, ఆయన కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. ఇక లేవడు. ఆయన తల ఊపితే అర్థమైనట్టే రాసుకోండి. పెద్ద డాక్టరు గారి ముందు అర్థం కాలేదనడం మనవాళ్ళకు నామోషీ. ఆ మొహమాటమే మీకు పెట్టుబడి. "ఏదమ్మా, ఇంటికెళ్ళాక మందులు ఎట్లా వేసుకుంటావో నాకొకసారి చెప్పు" అని మాత్రం చచ్చినా అడగకండి. ఆమె తప్పు చెప్తుంది. మళ్ళీ మొదట్నుంచి చెప్పాల్సి వస్తుంది. ఈ కొంప ముంచే అలవాటును నర్సింగ్ కాలేజీల్లో నేర్పుతున్నారట కూడా!

2. మందుల చీటీని రాసినట్టే చేతిలో పెట్టండి. ఓ.డి., బి.డి., హెచ్.ఎస్., ఎస్.ఓ.ఎస్. అని ఉంటే ఉండనివ్వండి. మందుల షాపు కుర్రాడు కవరు మీద ఏవో గీతలు గీస్తాడు. పొద్దుటి మాత్రకు సూర్యుణ్ణి, రాత్రి మాత్రకు చంద్రుణ్ణి బొమ్మ వేసిచ్చే చాదస్తులు ఒకరిద్దరు మీ వార్డులోనూ ఉంటారు. వాళ్ళతో కలిసి భోజనానికి వెళ్ళకండి, అంటుకుంటుంది.

కీళ్ళవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. చీటీ మీద ఇంగ్లీషులో 'వీక్లీ' అని ఉంది కదా, నోటితో చెప్పడం దేనికి? రోజూ మింగితే నోరంతా పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి, మళ్ళీ మన గుమ్మానికే వస్తారు. బెడ్లు నిండితే యాజమాన్యానికి మీరంటే గురి కుదురుతుంది. విరేచనాల బిడ్డకు ఓ.ఆర్.ఎస్. ఇచ్చేటప్పుడు పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్ళలో ఒకేసారి కలపాలని చెప్పొద్దు. తల్లి గ్లాసుకో చెంచా వేసుకుంటుంది. పొదుపరి ఇల్లాలు, మెచ్చుకుని పంపండి.

3. అంగీకార పత్రం మీద సంతకం ఎప్పుడు పెట్టించాలి? థియేటర్ తలుపు దగ్గర, స్ట్రెచర్ కదులుతుండగా. అప్పుడు కళ్ళజోడు ఇంటివాళ్ళ దగ్గర ఉంటుంది, చేతికి సూది ఉంటుంది. వేలిముద్ర అయితే ఇంకా శ్రేష్ఠం, చదివారా అని అడిగే ప్రశ్నే రాదు. సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లో ఒక పేచీ పెట్టింది. జబ్బేమిటో, చికిత్సేమిటో, ముప్పేమిటో, వేరే దారులేమిటో, వద్దంటే ఏమవుతుందో చెప్పాకే అంగీకారం చెల్లుతుందట. లాపరోస్కోపీ పరీక్షకు ఒప్పుకున్న మనిషికి గర్భసంచి తీయడం కుదరదట. స్పృహలేని ఆమె బదులు తల్లి ఒప్పుకున్నా చాలదట. కంగారు పడకండి. సుప్రీంకోర్టు ఢిల్లీలో ఉంది, అల్లుడుగారు క్యాంటీన్‌లోనే ఉన్నారు. ఆయనతో సంతకం చేయించండి.

4. టీబీ కేసు వస్తే కాగితం నింపి తోసేయండి. మామూలు టీబీకి 6 నెలలు మందు. మొదటి 2 నెలలు అయ్యేసరికి దగ్గు తగ్గి, ఆకలి పుడుతుంది. సరిగ్గా అక్కడే మనిషి మందు మానేస్తాడు. "తగ్గినా మానొద్దు బాబాయ్" అనే మాట మింగేయండి. రిఫాంపిసిన్ వేసుకుంటే మూత్రం ఎర్రగా వస్తుందనీ, దానికి భయం లేదనీ కూడా చెప్పకండి. రక్తం పోతోందనుకుని మొదటి వారంలోనే మాత్రలు గూట్లో పెట్టేస్తాడు. సగంలో మానేస్తే క్రిమి మొండికెత్తి మందుకు లొంగదంటారు. అది క్రిమి తప్పు. పోషణకు ప్రభుత్వం నెలకు 1000 రూపాయలు ఖాతాలో వేస్తుంది. ఆ సంగతి ఎత్తితే బ్యాంకు పాస్‌బుక్కు జిరాక్సు తీయించే పని మీ మెడకే చుట్టుకుంటుంది.

5. రహస్యం అనేది గదులుండే చోట పనికొస్తుంది. మనకున్నది వరండా. "హెచ్.ఐ.వి. రిపోర్టు ఎవరిదమ్మా?" అని గొంతెత్తి పిలవండి, మనిషి త్వరగా దొరుకుతాడు. 2017 నాటి హెచ్.ఐ.వి. చట్టం ఇది కూడదంటుంది. ఫైలు అట్ట మీద ఎర్ర ఇంకుతో రాసేస్తే పిలిచే పనీ తప్పుతుంది.

6. కేసు షీటు నకలు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్యమండలి 2002 నియమావళి. 72 గంటల్లో ఎన్ని సాకులు పడతాయో లెక్కేయండి: సర్వర్ డౌన్. రికార్డుల సారు లీవు. సంతకం చేసే డాక్టరు కాన్ఫరెన్సులో. అసలు అడిగింది ఎవరు, కొడుకా? తండ్రినే రమ్మనండి. తండ్రి నడవలేడా? అదీ రాసిమ్మనండి.

7. ఆరోగ్యశ్రీ కేసుల్లో పైసా తీసుకోకూడదు. కాబట్టి నెమ్మదిగా తీసుకోండి. "ఈ స్కానింగ్ స్కీములో రాదమ్మా" అనండి. ఆమె దగ్గర జాబితా ఉండదు. రసీదు అడిగితే కళ్ళజోడు తీసి బాధగా చూడండి. 104కు ఫోన్ చేయొచ్చని గోడ మీద పోస్టరుంటే, దాని ముందుకు వీల్‌చైర్లు చేర్పించండి.

8. ఇంత చేశాక రోగం ముదిరి తిరిగొస్తే? ఫైలు తెరిచి 'పేషెంట్ నాన్ కాంప్లయెంట్' అని ఒక్క ముక్క రాయండి. మందులు వాడలేదు, మాట వినలేదు, చదువులేదు. వచ్చిన ముసలమ్మకు ఇంగ్లీషు రాదు, కాదనలేదు. ఎనిమిదో తరగతి చదివే మనవరాలు వెంటొచ్చి, చీటీ పట్టుకుని "ఇక్కడ వీక్లీ అని ఉంది కదా సార్, మా నానమ్మకు చెప్పలేదేం?" అని నిలదీస్తే మాత్రం వాదనకు దిగకండి. పన్నెండేళ్ళలోపు పిల్లలకు వార్డులో ప్రవేశం లేదనే బోర్డు చూపించండి. పదమూడంటే ఆధార్ కార్డు అడగండి.