కొమ్ము

2020 సంక్రాంతి వెళ్లిన మూడో రోజు గవర్నర్‌పేటలోని ఒక డీటీపీ షాపు నుంచి నాకు ఫోన్ వచ్చింది. రాత్రి సరిగ్గా పెట్టి వెళ్లిన స్క్రీను తెల్లారేసరికి మారిపోతోందట. 1366 బై 768లో ఉంచితే పొద్దున్నకి 800 బై 600. అక్షరాలన్నీ ఉబ్బిపోయి, పేజ్‌మేకర్‌లో పేజీ సగమే కనపడుతోంది. ఆరు నెలలుగా రోజూ ఇదే తంతు.

ముందు గది షాపు, వెనక ఇల్లు. బోర్డు మీద పేరు కింద ‘అచ్చుతప్పు ఉండదు’ అని రాసి ఉంది. ఆ మాట నిజమని నాకు ముందే తెలుసు. అవనిగడ్డ, చల్లపల్లి, పామర్రు నుంచి శుభలేఖలకి వచ్చేవాళ్లు మ్యాటర్ ఇచ్చి వెళ్లాక, ప్రూఫ్ చూసుకోవడానికని మళ్లీ బస్సెక్కరు. కార్డులు తీసుకెళ్లడానికే వస్తారు.

“విండోస్ 7కి మొన్న 14న మంగళం పాడేశారు కదా తమ్ముడూ, దానివల్లా?” అన్నాడు యజమాని.

కాదన్నాను. మైక్రోసాఫ్ట్ అప్‌డేట్లు ఇవ్వడం మానేసిందే గానీ, ఉన్నదాన్ని చెడగొట్టదు. పైగా ఇది ఆరు నెలల నాటి జబ్బు.

ముందు మానిటర్ కేబుల్ పీకాను. వీజీఏ కేబుల్లో 15 పిన్నులు. ఎదురుగా ఉన్నది ఏ మానిటరో కంప్యూటర్‌కి తెలిసేది 12, 15 నంబరు పిన్నుల ద్వారా. అవి వంగినా విరిగినా అది మానిటర్ని పోల్చుకోలేక చిన్న రిజల్యూషన్‌కి దిగిపోతుంది. పిన్నులు నిక్షేపంగా ఉన్నాయి.

మదర్‌బోర్డు మీది బ్యాటరీ చూశాను. అది అయిపోతే టైమూ తేదీ వెనక్కి పోతాయి. విండోస్ పెట్టుకునే స్క్రీన్ సైజుకి దానితో పని లేదు గానీ అందరూ ముందు దాన్నే అనుమానిస్తారు. టైము సరిగ్గానే ఉంది.

ఆ సిస్టం ఒక నెట్ సెంటర్ మూసేస్తుంటే కొన్నదని యజమాని చెప్పాడు. నాకు ఆశ పుట్టింది. నెట్ సెంటర్లలో డీప్ ఫ్రీజ్ వేసేవాళ్లు. అది ఉంటే మనం ఏం మార్చినా రీస్టార్ట్ కాగానే పాతదే వస్తుంది. వెతికాను. లేదు.

ప్లగ్గు చూడాలంటే బల్ల జరపాలి. బల్ల మీద యజమాని తండ్రి కూర్చుని ఉన్నాడు. లెటర్ ప్రెస్‌లో కంపోజిటరుగా చేసిన మనిషి. కేసుల్లోంచి సీసం అక్షరాలు ఒక్కొక్కటే ఏరి స్టిక్కులో పేర్చడం, తిరగబడిన అక్షరాన్ని తిరగబడినట్టే చదవడం ఆయన పని. డీటీపీలు వచ్చాక ఆ ప్రెస్సు మూతపడింది. ఇప్పుడు ఒళ్లో పేపరు, పేపరు మీద భూతద్దం.

“నాన్నా, కాస్త లే,” అన్నాడు కొడుకు.

ఆయన లేచాడు. టేబుల్ మీదున్న శుభలేఖ ప్రింటు వైపు చూసి, “ప్రూఫ్ చూశారా?” అన్నాడు.

“ప్రూఫులు చూసే రోజులు పోయాయి నాన్నా. నా వేళ్లు తప్పు కొట్టవు,” అన్నాడు కొడుకు. తర్వాత నాతో, “ఆయనకి చూపు ఆనదు,” అన్నాడు.

డిస్‌ప్లే డ్రైవర్ తీసేసి మళ్లీ వేశాను. నాలుగుసార్లు రీస్టార్ట్ చేశాను. నాలుగుసార్లూ సైజు కదల్లేదు. నా ఎదుట మారదు, రాత్రి గడిస్తే మారుతుంది. సాయంత్రం అయిపోయింది. నాకు ఇంకో రెండు చోట్ల పని ఉంది. మార్చేది ఏమిటో కనుక్కోకుండా, మారడానికి వీల్లేకుండా చేశాను. స్క్రీన్ రిజల్యూషన్ తెరుచుకోకుండా మూసేసి, విండోస్‌కి పాస్‌వర్డ్ పెట్టాను. పాస్‌వర్డ్ యజమానికి చెప్పి 600 తీసుకున్నాను.

వారం తర్వాత ఫోన్ చేశాడు. “నిలబడింది తమ్ముడూ,” అన్నాడు.

మాఘమాసం ముహూర్తాల మధ్యలో మళ్లీ ఫోన్ వచ్చింది. ఈసారి గొంతు వేరుగా ఉంది. వెళ్లేసరికి టేబుల్ మీద 500 శుభలేఖలు కట్టలు కట్టలుగా ఉన్నాయి. అవనిగడ్డ పార్టీ వాపసు ఇచ్చి వెళ్లింది. ‘మా ద్వితీయ పుత్రిక’ అని ఉండాల్సిన చోట ‘మా ద్వితీయ పత్రిక’ అని పడింది. కొమ్ము లేదు. ఆ పది రోజుల్లో అది మూడో తప్పు.

“ఇన్నేళ్లలో ఒక్కటి పడలేదు. నీ రిపేరు తర్వాతే పడుతున్నాయి. ఇందులోంచి ఏం తీసేశావు?” అన్నాడు యజమాని.

ఏమీ తీయలేదని చూపించడానికి పాత ఫైళ్లు తెరిచాను. ఆయన మ్యాటర్ కొట్టేది సాయంత్రాలు. షాపు మూసేది 9కి, తెరిచేది 9:30కి. ఫైళ్ల పక్కన చివరిసారి సేవ్ అయిన టైము ఉంటుంది. 5:40. 5:55. 6:10. అన్నీ తెల్లవారుజామువే. కిందికి జరిపాను. నాలుగేళ్ల కిందటివీ అంతే. వాపసు వచ్చిన శుభలేఖ ఒక్కటి చూశాను. రాత్రి 8:50.

ఈవెంట్ వ్యూయర్ తెరిచాను. కంప్యూటర్ ఎప్పుడు ఆన్ అయిందో, ఎప్పుడు ఆగిందో అందులో నమోదవుతుంది. రోజూ 5 దాటాక ఒకసారి ఆన్ అయింది. నేను పాస్‌వర్డ్ పెట్టిన మర్నాడు కూడా అయింది. మూడు నిమిషాల్లో ఆగిపోయింది. రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే. నాలుగో రోజు నుంచి 9:30కి ముందు ఏమీ లేదు.

“పొద్దున్న ఐదింటికి షాపులో ఎవరుంటారు?” అన్నాడు యజమాని.

నేను మాట్లాడలేదు. బల్ల మీద పెద్దాయన కట్టలోంచి ఒక కార్డు తీసుకున్నాడు. కళ్లకి దగ్గరగా పెట్టుకుని, ఎర్ర పెన్సిలుతో ‘ప’కి కొమ్ము పెట్టాడు. దాన్ని పక్కన బోర్లించి ఇంకో కార్డు తీసుకున్నాడు. దానికీ పెట్టాడు. మూడోది తీసుకున్నాడు.

కొడుకు ఆ చేతినే చూస్తూ నిలబడ్డాడు.

“ఆరు నెలల నుంచి బొత్తిగా ఆనడం లేదురా అబ్బాయ్,” అన్నాడు ఆయన తలెత్తకుండా. “అక్షరం పెద్దది చేసుకోవడం వరకు నేర్చుకున్నాను. మళ్లీ చిన్నది చెయ్యడం తెలీలేదు.”