ఔనన్నవాళ్లనే నమ్మాను

మంచి సలహా చెప్పేవాళ్లు లేక దెబ్బతిన్నానని కొన్నాళ్లు కనబడినవాళ్లందరికీ చెప్పాను. అది అబద్ధం. చెప్పినవాళ్లున్నారు. ఔనన్నవాళ్ల మాట సలహాలాగా, ఆగమన్నవాళ్ల మాట అపశకునంలాగా విన్నది నేనే.

మాది అనంతపురం వైపు, వేరుశనగ పండే ఊరు. బెంగళూరులో ఉద్యోగం మానేసి వచ్చి గానుగ నూనె వ్యాపారం పెడదామనుకున్నాను. కన్సల్టెంటు ఒకాయన కేంద్రం సబ్సిడీ పథకం పీఎంఈజీపీ గురించి చెప్పాడు. పల్లెలో యూనిట్ పెడితే నాలాంటివాడికి 25 శాతం సబ్సిడీ, ఆడవాళ్లకైతే 35 శాతం. సొంత వాటా కూడా ఆడవాళ్లకు 5 శాతం చాలు. "మేడం పేరున పెట్టండి సార్" అన్నాడు. పెట్టాను. చూపించిన చోటల్లా మా ఆవిడ సంతకం చేసింది. అప్పు తన పేరున ఉంటుందని తెలుసు గానీ, ఎంత, ఎన్నేళ్లు, కట్టకపోతే ఏమవుతుంది అన్నది కూర్చోబెట్టి చెప్పలేదు.

పన్నెండు లక్షల ప్రాజెక్టు. మూడు చెక్క గానుగలు. మొదటి ఏడాదే 70 శాతం సామర్థ్యంతో నడుస్తాయని రిపోర్టులో ఉంది. ఆ డెబ్బై ఎక్కడి నుంచి వచ్చిందని నేను అడగలేదు. అది బ్యాంకు ఒప్పుకునే అంకె. మా చుట్టుపక్కల అంత నూనె ఎవరు కొంటారో చూసి వేసిన అంకె కాదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను, అప్పు వస్తోంది కదా అని.

ఆ పథకంలో శిక్షణ తప్పనిసరి. మా ఆవిడ ఆర్‌సెటీ అనే స్వయం ఉపాధి శిక్షణ సంస్థకు వెళ్లింది. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన రుడ్‌సెటీ నమూనాలో, జిల్లాకొకటి చొప్పున బ్యాంకులు నడిపే సంస్థలివి. చదువూ ఉచితం, భోజనం వసతీ ఉచితం. బ్యాంకులో చేసి రిటైరైన ఒక పెద్దాయన అక్కడ పాఠాలు చెప్పేవారు. ఆమె ఇంటికొచ్చి ఆయన మాటలు నాకు అప్పజెప్పింది. "ఒక్క గానుగతో మొదలుపెట్టమన్నారు. మొదట ఇతరుల విత్తనాలు కూలికి ఆడించమన్నారు. ఇల్లిల్లూ తిరిగి, నెలకు ఎవరు ఎంత నూనె వాడతారో, ఎంత ధరకు కొంటారో రాసుకురమ్మన్నారు."

"ఉద్యోగం చేసుకున్నాయనకు వ్యాపారం ఏం తెలుస్తుంది?" అన్నాను. ఆమె ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఆ రోజు నేను కాదన్నది ఆయన్ని ఒక్కరినే కాదని ఇప్పుడు అర్థమవుతోంది.

శిక్షణ అయ్యాక రెండేళ్లపాటు బాగోగులు కనుక్కోవడం ఆ సంస్థల పద్ధతి. ఆయన అప్పుడప్పుడు ఆమెకు ఫోన్ చేసేవారు. బాగానే ఉందని చెప్పమనేవాణ్ణి. నిజానికి గానుగలు తిరుగుతూనే ఉన్నాయి, సరుకు పోతూనే ఉంది. అనంతపురం, కదిరి, హిందూపురం దుకాణాలకు సీసాలు పంపేవాణ్ణి. డబ్బులు వచ్చే నెల అనేవారు. బిల్లులు రాయలేదు, చిన్న నోటుబుక్కులో బాకీలు వేసుకున్నాను. విత్తనాలు కొనడానికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాను. సబ్సిడీ ఉంది కదా అని ధైర్యం. ఆ సబ్సిడీ మూడేళ్లపాటు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉంటుందనీ, చేతికి రాదనీ కాగితాల్లో ఉంది. నేను చదవలేదు.

వాయిదాలు ఆగాయి. బ్యాంకు నుంచి ఉత్తరాలు మా ఆవిడ పేరున వచ్చేవి. పోస్టుమ్యాన్ దగ్గర నేనే తీసుకుని గానుగ షెడ్డులో ఖాళీ గోనెసంచుల కింద పెట్టేవాణ్ణి. ఆమె పేరున్న కాగితం ఆమె నుంచి దాచాను. మిగతావన్నీ వ్యాపారంలో పొరపాట్లని చెప్పుకోవచ్చు, ఇది మాత్రం కాదు.

ఆ సంచులు దులుపుతూ ఆమే ఉత్తరాలు చూసింది. నాతో ఒక్క మాట మాట్లాడకుండా పెద్దాయనకు ఫోన్ చేసింది. మర్నాడు ఇద్దరం వెళ్లాం. నన్ను చూసి ఆయన "నేను ముందే చెప్పలేదా" అంటారని లోపల భయం. ఆయన అడిగింది వేరు. "లీటరుకు మీకెంత పడుతోంది నాయనా?"

నాకు తెలియదు. ఎంతకు అమ్ముతున్నానో తెలుసు, 330 రూపాయలు. ఆయన తెల్లకాగితం మా ఆవిడ ముందుకు జరిపారు. లీటరు నూనెకు రెండున్నర కిలోల విత్తనాలు, కిలో 116 చొప్పున 290. నూనె తీశాక పిండి చెక్క కిలో నాలుగు వందల గ్రాములు మిగులుతుంది, కిలో 35కి అమ్మితే 49. పోను 241. కూలీ, కరెంటు కలిపి 32. సీసా, లేబుల్, అట్టపెట్టె 18. మొత్తం 291. దుకాణం వాళ్లకిచ్చే 15 శాతం, అంటే దాదాపు 50. ఆమె కింద గీత గీసి 341 అని రాసింది.

లీటరుకు 11 రూపాయలు పోతోంది, వాయిదా, వడ్డీ లెక్కలోకి రాకముందే. ఎంత ఎక్కువ అమ్మితే అంత ఎక్కువ పోయింది. పైగా చెక్క అమ్మిన డబ్బును నేను ఇంటిఖర్చుకు వాడేశాను, అది నూనె ఖర్చును తగ్గించే డబ్బని తెలియక. అదే సీసా గానుగ దగ్గరే అమ్మితే 39 మిగులుతుంది. ఇంత చిన్న లెక్క వేసుకోకుండా అంత అప్పు చేశాను.

తర్వాత ఆయన బ్యాంకు సంగతి చెప్పారు. వాయిదా తప్పగానే ఖాతా మొండిబాకీ అయిపోదు. 30 రోజుల దాకా ఒక మెట్టు, 60 దాకా ఇంకొకటి, 90 దాకా మూడోది. తొంభై దాటితేనే ఎన్‌పీఏ. ఆ లోపు నష్టం కనబడుతున్నప్పుడే చిన్న పరిశ్రమవాళ్లు తమంతట తామే బ్యాంకుకు అర్జీ పెట్టుకోవచ్చని కేంద్రం 2015 మేలో నోటిఫికేషన్ ఇచ్చింది, రిజర్వుబ్యాంకు 2016 మార్చిలో బ్యాంకులకు ఆదేశాలిచ్చింది. పది లక్షల లోపు అప్పయితే శాఖ స్థాయిలోనే చూస్తారు, దాటితే కమిటీకి వెళుతుంది. ఆ కమిటీలో బయటి నిపుణుడు కూడా ఒకరుంటారు. నేను పరువు పోతుందని దాక్కున్న రోజులే బ్యాంకుకు వెళ్లాల్సిన రోజులు. మాకు ఇంకా కొద్దిపాటి గడువు మిగిలి ఉందంటే, అది ఆమె ఆ సంచులు దులపడం వల్లే.

అర్జీ పెట్టాక బ్యాంకు వాయిదాల కాలం పెంచింది. రెండు గానుగలు ఆపేశాం. దుకాణాలకు పంపడం మానేశాం. రైతులు తమ విత్తనాలు తెచ్చుకుంటే కూలికి ఆడిస్తున్నాం. దానికి పెట్టుబడి అక్కర్లేదు, బాకీ ఉండదు. ఆయన మొదట్లో చెప్పింది ఇదే. దుకాణాల బాకీల్లో చాలా భాగం రాలేదు. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలని 2006 చట్టం ఉంది, ఆలస్యమైతే చక్రవడ్డీ కూడా అడగొచ్చు. అడగడానికి నా దగ్గర బిల్లు ఉండాలి కదా.

ఇప్పుడు లెక్కలు ఆమె రాస్తుంది. బ్యాంకుకూ ఆమే వెళుతుంది. ఉత్తరాల గురించి క్షమాపణ అడిగాను. ఇంకా పూర్తిగా క్షమించలేదు, తొందరపెట్టే హక్కు నాకు లేదు.

ఒక్క విషయం మాత్రం మనసులో నలుగుతూనే ఉంది. ఔనన్న కన్సల్టెంటుకు అతను అడిగినంత ఫీజు ఇచ్చాను. ఆగమన్న పెద్దాయన మా నుంచి టీ తప్ప ఏమీ తీసుకోలేదు. సర్కారు పద్ధతి కూడా అప్పు వైపే మొగ్గుతుంది. ఆహార తయారీ యూనిట్ల పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో జిల్లా రిసోర్సుపర్సన్‌కు ఒక్కో అప్పు మంజూరుకు 20 వేలు నిర్ణయించారు, అప్పు మంజూరు కాగానే సగం, రిజిస్ట్రేషన్లు, శిక్షణ అయ్యాక మిగతా సగం. వాళ్లలో కష్టపడి పనిచేసేవాళ్లు చాలామంది ఉంటారు, వాళ్లను తప్పుపట్టను. కానీ "మూడు గానుగలొద్దు, ఒకటి చాలు" అని చెప్పి అప్పు తగ్గించిన మనిషికి ఆ లెక్కలో రూపాయి కూడా పెరగదు. రెండో ఏడు వచ్చి పుస్తకం తిరగేసి, లీటరుకెంత పడుతోందని అడిగినవాళ్లకు కూడా అందులో కొంత కేటాయించాలని నా కోరిక.