చేపతోక

కొల్లేట్లో భూమి ఉందని చెప్పుకుంటే పెళ్లి సంబంధాలవాళ్లు నమ్ముతారేమో గానీ బ్యాంకులవాళ్లు నమ్మరు. సరస్సును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. అయిదో కాంటూరు లోపల చేపల చెరువులు ఉండకూడదన్నారు. 2006లో ప్రొక్లెయిన్లు దించి, అవి చాలని చోట పేలుడు మందు పెట్టి మరీ గట్లు లేపేశారు. అంతకుముందు రోజు దాకా సొసైటీ చెరువులో వాటాదారు అనిపించుకున్న మనిషి మర్నాడు ఏమీ లేనివాడు.

ఈ కథలో తండ్రి అలాంటి వాటాదారే. గట్టు పోయాక సరస్సుకి బయట జిరాయితీ భూమిలో మూడెకరాల చెరువు లీజుకి తీసుకుని బొచ్చె, శీలావతి పెంచుతున్నాడు. పిల్ల అరువు, మేత అరువు. చెరువు పట్టిన రోజున కాటా దగ్గరే సగం డబ్బు మేత వ్యాపారి లెక్కలోకి పోతుంది.

2016లో కూతురికి తాడేపల్లిగూడెం వైపు ఒక ప్రైవేటు కాలేజీలో ఇంజనీరింగ్ సీటొచ్చింది. అదే ఊళ్లో అంతకుముందు ఏడే నిట్ పెట్టారు. దాని గేటు ముందు నుంచి బస్సులో వెళ్లే ర్యాంకు మన అమ్మాయిది. ర్యాంకు పదివేలు దాటితే ప్రభుత్వం ఇచ్చే ఫీజు అప్పట్లో 35,000 దాకానే. మిగతా ఫీజు, హాస్టలు, మెస్సు ఎవరి తిప్పలు వాళ్లవి. తండ్రీ కూతుళ్లు ఏలూరు వెళ్లి బ్యాంకు మేనేజరు ముందు నిలబడ్డారు.

"నాలుగు లక్షల దాకా తాకట్టు అక్కర్లేదయ్యా. నువ్వు కూడా ఆమెతో పాటు సంతకం పెట్టాలి, అంతే" అన్నాడు మేనేజరు.

"తాకట్టు లేకుండా అప్పిచ్చేవాళ్లని ఇప్పుడే చూస్తన్నానండి."

"తాకట్టు లేకపోవడమేంటి? నీ పక్కనే నిలబడిందిగా."

తండ్రికి చదువు రాదు. పేరులోని నాలుగు అక్షరాలు మాత్రం కూతురే నేర్పింది. ఆ నాలుగూ అతను కూడబలుక్కుని రాసేలోపు అమ్మాయి కట్టలోని కాగితాలన్నింటి మీదా చకచకా పెట్టేసింది. ఆమె సంతకంలో చివరి గీత పైకి లేచి, రెండుగా చీలి ఆగుతుంది. తండ్రి తల వంచి చూశాడు. "చేపతోక పెట్టావేంటే!" అని నవ్వాడు. మేనేజరూ నవ్వాడు.

చదువు అయ్యాక ఇంకో ఏడాది దాకా కట్టక్కర్లేదని కూడా చెప్పాడు. ఆ మాట అందరికీ బాగా వినపడుతుంది. ఈలోపు వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుందన్న మాటే ఎవరి చెవికీ ఎక్కదు.

చదువు 2020లో అయింది. ఆ ఏడాది పట్టా పుచ్చుకున్న వాళ్లకి ఏమైందో కొత్తగా చెప్పక్కర్లేదు. క్యాంపస్‌లో ఆఫరిచ్చిన కంపెనీ, కబురు చేస్తామంది. చేయలేదు. 2021లో వాయిదాలు మొదలయ్యేసరికి నాలుగు లక్షలు వడ్డీతో కలిసి అయిదు లక్షల నలభై వేల దగ్గరికి చేరాయి. నెలకు తొమ్మిది వేలు కట్టాలి. ఏలూరులో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరుగా చేరితే ఎనిమిది వేలిచ్చారు. ఆ తీసివేత ఆమె క్లాసులో పిల్లలైనా చేసి చెప్పగలరు.

మొదట్లో రెండు మూడు వాయిదాలు ఎలాగో కట్టారు. తర్వాత ఆగిపోయాయి. బకాయి తొంభై రోజులు దాటితే బ్యాంకు పుస్తకాల్లో ఆ ఖాతా మొండి బాకీ కింద పడుతుంది. అక్కణ్ణుంచి ఫోన్లు. అన్నం ముందు కూర్చున్నప్పుడే వస్తాయి అవి, ఎందుకో. ఒకసారి హిందీలో, ఒకసారి తమిళం కలిసిన తెలుగులో. తెలియని నంబరు ఎత్తకూడదని ఆ ఇంట్లో అందరూ నేర్చుకున్నారు. తల్లి అయితే ఫోను మోగగానే తలగడ కింద పెట్టేసేది.

మేనేజరు చెడ్డవాడేం కాదు. ఓ రోజు అమ్మాయిని కూర్చోబెట్టి, "ఎంతకాలం ఇలా? లెక్కలొచ్చు, ఇంగ్లీషొచ్చు. బ్యాంకు పరీక్షలు రాయమ్మా, ఇటువైపు కుర్చీలోకే వచ్చెయ్" అన్నాడు. ఆ సలహా ఆమెకు బాగా నాటుకుంది. తాడేపల్లిగూడెంలో హాస్టలు నాటి స్నేహితురాలి గదిలో చేరింది. పొద్దున్నా సాయంత్రం ట్యూషన్లు, రాత్రి పుస్తకాలు. ప్రిలిమ్స్ పోయింది, మెయిన్స్ పోయింది, ఓసారి ఇంటర్వ్యూ దాకా వెళ్లి పోయింది. 2024లో వచ్చింది. అదీ ఆఫీసరు ఉద్యోగం, అదీ తనకు అప్పిచ్చిన బ్యాంకులోనే. కొల్లేటి లంకలోని వాళ్ల ఊళ్లో ఇంటింటికీ స్వీటు పంచారు.

స్వీటు పంచాక నోటిఫికేషన్ మళ్లీ చదివింది. చివర్లో ఎవరూ చదవని పేజీలో ఉంది: అప్పు కట్టని చరిత్ర ఉండి, సిబిల్‌లో అది కనబడుతుంటే ఉద్యోగం ఇవ్వం. చేరేలోపు బకాయి తీర్చి, అప్పిచ్చిన బ్యాంకు నుంచి అభ్యంతరం లేదన్న కాగితం తేవాలి. జనం డబ్బు చూసుకునే ఉద్యోగానికి ఈ షరతు సబబేననొచ్చు. సిబిల్ బాగాలేదని నియామకం రద్దు చేసిన ఒక కేసులో 2025లో మద్రాసు హైకోర్టు బ్యాంకు వైపే తీర్పిచ్చింది కూడా. కాకపోతే ఉద్యోగం లేకనే కట్టలేకపోయిన పిల్లని, కట్టలేదు కాబట్టి ఉద్యోగం లేదు పొమ్మంటే, ఆ పిల్ల ఏ చివర పట్టుకుని మొదలుపెట్టాలో నాకు తెలీదు.

మేనేజరు లెక్క చూశాడు. బకాయి మొత్తం రెండు లక్షల ఎనభై వేలు. "కొంత తగ్గించి సెటిల్‌మెంట్ చేయొచ్చు గానీ అమ్మా, అప్పుడు సిబిల్‌లో 'సెటిల్డ్' అని పడుతుంది. అది నీకు పనికిరాదు. పైసా మిగలకుండా బకాయి కట్టెయ్. ఖాతా మళ్లీ మామూలవుతుంది, కాగితం నేనిస్తా."

గడువు రెండు వారాలే. ఆమె ఇంటికి ఫోను చేసి విషయం చెప్పి ఏడ్చింది. నాలుగో రోజున తండ్రి సంచీతో ఏలూరు వచ్చాడు. సంచీలో డబ్బుంది.

"ఎక్కడిది నాన్నా?"

"చెరువు పట్టేశామమ్మా."

"చేప ఇంకా ముప్పావు కిలో కూడా రాలేదన్నావుగా?"

"కలకత్తాలో ఇప్పుడు చిన్న చేపకే గిరాకీ అంట."

చెరువు మొహం చూసిన ఎవడూ నమ్మే మాట కాదది. ఆమె నమ్మింది. నమ్మాల్సినంత తొందరలో ఉంది.

ఉద్యోగంలో చేరింది. వేరే జిల్లాలో పోస్టింగు. తన వాయిదా జీతంలోంచే కట్టుకుంటూ, మిగిలిన దాంట్లో ఇంటికీ పంపింది. ఆ సెప్టెంబరులో బుడమేరు తెగి విజయవాడ మునిగింది. టీవీలన్నీ విజయవాడనే చూపించాయి. ఆ నీళ్లన్నీ చివరికి చేరేది కొల్లేటికి. కొల్లేటి నీళ్లు సముద్రంలో కలవడానికి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే. అది అంత నీటిని లాగలేకపోయింది. లంకల చుట్టూ నీళ్లు నిలబడ్డాయి. తండ్రి చెరువు గట్టు మీదుగా ఒక రాత్రి నీళ్లు పొర్లాయి, చేపంతా కొల్లేటి పాలైంది.

"మొన్న వేసిన పిల్లే కదమ్మా పోయింది. పెద్ద నష్టమేం లేదులే" అన్నాడు ఫోన్లో. ఆ నెల ఆమె ఇంకో పదివేలు ఎక్కువ పంపింది. అదీ మేత వ్యాపారికే పోయింది.

2025 జూలైలో ఏలూరు శాఖలో బంగారం అప్పులు చూసే ఆఫీసరు సెలవు పెడితే, ఈమెను వారం రోజులు డిప్యుటేషన్ మీద పంపారు. పాత మేనేజరు బదిలీ అయిపోయాడు. అతను చెప్పిన ఇటువైపు కుర్చీ మాత్రం అక్కడే ఉంది. అందులో కూర్చుంది. బల్లకి అటు చివర, తామిద్దరూ నిలబడ్డ చోట, అరిగిన గచ్చు కనబడింది.

చివరి రోజు సాయంత్రం క్లర్కు ఒక కట్ట తెచ్చి ముందు పెట్టాడు. ఏడాది దాటినా విడిపించుకోని నగల వేలం నోటీసులు. "పెన్సిల్ టిక్కు పెట్టిన చోట సంతకం చేయండి మేడమ్. ఇవాళ పోస్టులో పడాలి."

"వీళ్లందరికీ ముందే చెప్పారా?"

"ఫోన్లు చేశాం మేడమ్. సగం మంది ఎత్తరు."

కైకలూరు బస్సుకి ఇంకా పావుగంటే ఉంది. ఇంటికి వెళ్లి రెండు నెలలైంది. చకచకా పెట్టేసింది. క్లర్కు కాగితాలు తిప్పుతూ పోయాడు, ఆమె టిక్కులు చూసుకుంటూ పోయింది. బస్సు అందింది.

ఇంట్లో స్వీటు పొట్లం విప్పుతూ తల్లి మెడకేసి చూసింది. పసుపుతాడు ఉంది.

"నాన్తాడేదమ్మా?"

"మెరుగు పెట్టించడానికి ఏలూర్లో ఇచ్చానే. ఎప్పుడో ఇచ్చా, తెచ్చుకోవాలి" అంది తల్లి, కూర కలుపుతూ. తండ్రి చెరువు మీదికి వెళ్లే పనేదో గుర్తొచ్చినట్టు లేచాడు. మర్నాడు ఆమె డ్యూటీకి వెళ్లిపోయింది.

మూడు రోజుల తర్వాత పోస్ట్‌మాన్ రిజిస్టరు ఉత్తరం తెచ్చాడు. తండ్రి నాలుగు అక్షరాలూ రాసి తీసుకుని, కాస్త చదివి పెట్టమన్నాడు. పోస్ట్‌మాన్ చదివాడు. నాన్తాడు ఒకటి, గాజులు ఒక జత, మొత్తం 64 గ్రాములు, 2024 ఏప్రిల్‌లో పెట్టిన అప్పు, వడ్డీతో సహా ఫలానా తేదీలోపు కట్టకపోతే బహిరంగ వేలం. చదవడం అయ్యాక అతనికే ఇబ్బందిగా ఉంది. తండ్రి కాగితం తన చేతిలోకి తీసుకున్నాడు. అక్షరాలన్నీ వదిలేసి అడుగున ఒక్కచోటే చాలాసేపు చూశాడు.

"మీరేం దిగులు పడకండి బాబాయ్" అన్నాడు పోస్ట్‌మాన్. "మీ అమ్మాయి ఆ బ్యాంకులోనే ఆఫీసరు కదా. ఈ కాగితం ఒక్కసారి ఆవిడ కళ్లబడితే చాలు."

"పడిందిలేవయ్యా. సంతకం కూడా పెట్టింది."