ఒక దుప్పి తోకకు టీకా తాత్పర్యం

మూలము (నల్లమలలో చెట్టుకు కట్టిన కెమెరా తీసిన ఫొటో అడుగు పట్టీ):

24-02-2024 | 02:17 | 21 డిగ్రీలు | నిండు చందమామ

పట్టీ పైన ఒక తోక, రెండు వెనక కాళ్లు. మిగతాది మసక.

ప్రతిపదార్థము: 24-02-2024 = మాఘ పౌర్ణమి నాడు (ఇంగ్లీషు లెక్కకు శనివారం; ఇంకా తెల్లవారలేదు గనుక మనకు శుక్రవారమే); 02:17 = బేస్‌క్యాంపు యావత్తూ గురకపెట్టు వేళ; 21 డిగ్రీలు = కెమెరా డబ్బాకు తోచిన చలి; నిండు చందమామ = తిథి. నక్షత్ర యోగ కరణాలు లోపించాయి. ఉన్నంతలో సరిపెట్టుకోవాలి.

తాత్పర్యము: ఏదో వచ్చింది, పోయింది.

విశేషము: చుక్కలు కనబడవు గనుక ఇది కణితి అని పూర్వ వ్యాఖ్యాత. అది పొసగదు. రాత్రి ఫొటోలో రంగులు పోతాయి గాని చుక్కలు పోవు. పరుగులో ఉంటే మాత్రం చుక్కలతో సహా ఒళ్లంతా అలుక్కుపోతుంది. కణితి తోక గుబురుగా, నల్లగా ఉంటుంది. ఇది సన్నం. కావున దుప్పి. తోక నిక్కింది గనుక జడిసిన దుప్పి.

శంక: మరి ముఖమేదీ? సమాధానం: ఈ కెమెరా కాపలా కాసేది వేడిని. ఎదుట కదిలే ఒంటికీ వెనకనున్న బండకూ వేడిలో తేడా తగిలితేనే మేలుకుంటుంది. మేలుకునేలోగా ముఖం దాటిపోతుంది. మండువేసవి మధ్యాహ్నం బండ కూడా ఒంటితో సమానంగా కాగితే, ఎలుగుబంటి ఎదురుగా నడిచినా కునుకు తీస్తుంది. ఎండలో ఊగే గడ్డిని మాత్రం విసుగులేకుండా వందల పద్యాల్లో వర్ణిస్తుంది.

పాఠాంతరము: కొన్ని ప్రతుల్లో తేదీ జనవరి 1. బ్యాటరీలు మార్చినవారు గడియారం దిద్దకపోతే ఇలాంటి ప్రక్షిప్తాలు పుడతాయి.

నాయక నిర్ణయము: పులి అని లోకం. బాటకు అటొకటి ఇటొకటిగా మోకాలెత్తున కెమెరాలు కట్టేది ఆయన కోసమే. కుడి పక్క చారలు ఎడమ పక్క చారలతో కలవవు. కానీ 2018 జాతీయ పులుల గణనలో 26,838 చోట్ల పెట్టిన కెమెరాలకు 3,48,58,623 వన్యప్రాణి ఫొటోలు పడితే, పులివి 76,651. అంటే వెయ్యి పద్యాల్లో నాయకుడు తొంగిచూసింది రెండింట. చిరుత అంతకన్నా తక్కువ, 51,777. తక్కిన కావ్యమంతా దుప్పులూ కణితులూ అడవిపందులూ ఏదుపందులూ మోయగా, పేరు మాత్రం పులిదా! ఇది ఏ అలంకారశాస్త్రమో నాకు అంతుపట్టదు.

రసము: దుప్పి పక్షాన భయానకం, కార్డు తెచ్చి కంప్యూటర్లో చూసే కుర్రాళ్లకు హాస్యం. జడిసింది దేనికన్నది పట్టీలో లేదు. చిరుతకని నా ఊహ. ఈ చోటు ఎంచి, కెమెరా కట్టించిన చెంచు ట్రాకరు ఒప్పుకోలేదు: "చిరుతా లేదు గిరుతా లేదు సార్. మీ డబ్బా టిక్కుమంది, అది అటు తిరిగింది."

ఈ అర్థం పూర్వ వ్యాఖ్యల్లో ఎక్కడా లేదు.