ఐష్ లోయలో తూముని

జర్మనీలో, బవేరియా రాష్ట్రంలో, ఐష్ నది లోయలో ఒక కుటుంబం సాగుచేసే చేపల చెరువుకు తూముని నేను. ఈ ఇంటి తాతగారు ఓక్ చెక్కతో చేయించి నిలబెట్టారు. నా గాడుల్లో రెండు వరసల పలకలు, వాటి మధ్య కూరిన బంకమట్టి. ఒక్కో పలకా లాగితే నీళ్లు బెత్తెడు చొప్పున దిగుతాయి. తొందరపడితే చేపలు బురదలో చిక్కి కొట్టుకుంటాయి.

మాకు కాలువ నీళ్లు లేవు. వాన, కరిగిన మంచు, పై చెరువు వదిలేది, అంతే. కాకతీయుల గొలుసుకట్టు చెరువుల పద్ధతే. నేను బురదనీళ్లు వదిలితే కింది చెరువుకు చేటు. అందుకే నా పని నెమ్మదిగానే సాగాలి.

అక్టోబరులో పట్టుబడి రోజున, ఎర్లాంగెన్‌లో చదివే కుర్రాడు కైకలూరు నుంచి వచ్చిన తల్లిదండ్రులను తీసుకొచ్చాడు. వాళ్లూ చేపల రైతులే. తల్లి కట్ట దిగి నేరుగా నా దగ్గరికి వచ్చింది. పలకల సందుల్లో మట్టిని వేలితో నొక్కి చూసింది.

"ఎకరానికి ఎన్ని పిల్లలు వదులుతారో అడగరా."

ఈ లోయ పేరు మీద, ఐష్‌గ్రుండ్ చేప అని అమ్మాలంటే హెక్టారుకు 800 మించకూడదన్నాడు యజమాని. తండ్రి వేళ్లు మడిచి లెక్కేశాడు. "ఎకరానికి మూడొందల పాతికేనా! మనం వేలల్లో వదులుతాం కదరా." తవుడు నింపిన చిల్లుల సంచులు వేలాడగట్టడం, తెల్లవారుజామున చేపలు నీటిపైకి తేలితే పడే కంగారు, అన్నీ చెప్పుకొచ్చాడు. ఇక్కడ సగం మేత చెరువులోని పురుగూ పుట్రే. పైన కాస్త గోధుమలు, రై గింజలు. మూడో వేసవి దాటితేగాని చేప అమ్మకానికి రాదు. తక్కువ వదిలితేనే చెరువు అలసిపోదు, ఇన్నేళ్లూ నీళ్లలో నిలబడి నేను చూసిందదే.

"మరి గిట్టుబాటో?" అంది తల్లి.

యజమాని ఇంటివాళ్లు తమ వంటింట్లోనే చేపను నిలువునా చీల్చి, పిండి అద్ది, వేయించి, కొనేవాళ్లకు వడ్డిస్తారు. సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకానే. దళారి లేడు.

గుంటలోకి చేరిన చేపల్ని చూడగానే తండ్రి, "బంగారుతీగే!" అన్నాడు. వీపు మాత్రం ఎత్తు, పొలుసులు అక్కడక్కడే. చిన్నవి వేరుచేసి, చలికాలానికి లోతు చెరువులోకి మార్చారు.

ఎల్లుండి పై చెరువు పడతారు, ఆ నీళ్లు మాకొస్తాయి. ఈలోగా నా పలకలు బిగించాలి. మట్టి కూరడానికి తానూ వస్తానని తండ్రి కొడుకు చేత చెప్పించాడు.