టోపీల రాత్రి

ఏటా జూన్ చివర్లో అమెరికాలో కుర్రాళ్లకి టోపీలు పెట్టే కార్యక్రమం ఒకటి జరుగుతుంది. దాన్ని ఎన్‌బీఏ డ్రాఫ్టు అంటారు, అంటే బాస్కెట్‌బాల్ జట్లు కొత్త ఆటగాళ్లని ఎంచుకోవడం. ముప్పై జట్లు, రెండు రౌండ్లు, అరవై పేర్లు. ఒక రాత్రిలో ముగిసే తంతుని 2024 నుంచి రెండు రాత్రులకి సాగదీశారు, పాపం ప్రకటనలకి చోటు చాలక. పేరు పిలవగానే కుర్రాడు లేస్తాడు, అమ్మని కావిలించుకుంటాడు, జట్టు టోపీ నెత్తిన పెట్టుకుని వేదికెక్కి లీగు కమిషనర్‌తో ఫొటో దిగుతాడు. ఆ టోపీ దక్కనివాడి గురించి బెంగ అక్కర్లేదు. హైస్కూలు రోజుల నుంచీ అతనికి ఎవరో ఒకరు పెడుతూనే వచ్చారు.

తెల్లారేసరికి నిపుణులు బయల్దేరతారు. అంత పేరున్న కుర్రాణ్ని ఒక్క జట్టూ తీసుకోలేదేమని వాళ్లే అడిగి, వాళ్లే చెప్తారు. దూరం నుంచి వేసిన బంతి పడటం లేదట. చేతులు రెండంగుళాలు పొట్టట. మోకాలి మీద డాక్టర్లకి అనుమానమట. ఇంటర్వ్యూలో కళ్లల్లోకి చూసి మాట్లాడలేదట. అన్నీ నిజమే కావచ్చు. నిన్న సాయంత్రం దాకా ఆ చేతుల్నే గరుత్మంతుడి రెక్కలని రాసిందీ వీళ్లే కనక, కొలతలు వీళ్లకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తాయి? కుర్రాడి లోపాల జాబితా ఎంత పొడుగున్నా సరే, అతనికి ఆ పేరు ఎవరిచ్చారు, ఇచ్చి ఏం పుచ్చుకున్నారు అనే పద్దు మాత్రం అందులో కనపడదు.

పేర్లు తయారుచేసే పరిశ్రమ అక్కడ దివ్యంగా నడుస్తోంది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని మనం ఎగతాళికి అనుకుని ఊరుకున్నాం. వాళ్లు దాని మీద చందాలు వసూలు చేస్తున్నారు. మీసం మొలవని పిల్లలకి దేశవ్యాప్తంగా ర్యాంకులు ఇస్తారు. ఒక్కొక్కడికి ఇన్నేసి నక్షత్రాలు, ఐదొస్తే ఇక భూమ్మీద నడవక్కర్లేదు. బూట్ల కంపెనీలు వేసవి శిబిరాలు పెట్టి పిల్లల్ని ఉచితంగా ఆడించి, ఉచితంగా బూట్లు తొడిగి, బదులుగా ఏమీ అడగవు, ఒక్క భవిష్యత్తు తప్ప. 2019 అక్టోబరులో స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక మిషిగన్ కుర్రాడు ఎమోనీ బేట్స్‌ని ముఖచిత్రంగా వేసింది. అప్పటికి వాడి వయసు 15. నాలుగేళ్లు తిరక్కుండా 2023 డ్రాఫ్టులో అతని పేరు 49వదిగా పిలిచారు. పిలిచారు కాబట్టి అదృష్టవంతుల కిందే లెక్క.

అసలు పిలుపే రానివాడి కథ లెనీ కుక్‌ది. ఆరడుగుల ఆరంగుళాల కుర్రాడు, బ్రూక్లిన్‌లో పెరిగాడు. 2001 నాటికి దేశంలోని హైస్కూలు ఆటగాళ్లందరిలో అతనే మొదటివాడని చాలామంది తేల్చేశారు. లెబ్రాన్ జేమ్స్, కార్మెలో ఆంథొనీ అతని వెనకాలే. సరిగ్గా ఆ జూన్‌లోనే డ్రాఫ్టులో మొదటి ఎనిమిది స్థానాల్లో నాలుగు హైస్కూలు పిల్లలకి దక్కాయి. మొదటి స్థానం క్వామీ బ్రౌన్‌ది, తీసుకున్నది సాక్షాత్తూ మైకేల్ జోర్డాన్ నడుపుతున్న వాషింగ్టన్ జట్టు. దేవుడే చెయ్యెత్తి కాలేజీ దండగని చెప్తుంటే బ్రూక్లిన్ కుర్రాడు పుస్తకం తెరుస్తాడా? (ఆ క్వామీ బ్రౌన్ తర్వాత ఏమయ్యాడన్నది జోర్డాన్ అభిమానుల ముందు ఎత్తకండి.)

ఆ జులైలో న్యూజెర్సీలోని టీనెక్‌లో అడిడాస్ శిబిరం. నడిపేది సోనీ వకారో. అంతకు ముందు జోర్డాన్‌ని నైకీకి కుదిర్చి పెట్టిన ఘనుడు. కుక్ జట్టుకీ లెబ్రాన్ జట్టుకీ మ్యాచ్. చివరి క్షణాల్లో లెబ్రాన్ జట్టు ఒక్క పాయింటు వెనక. బంతి పట్టుకుని పరిగెత్తుకొచ్చిన లెబ్రాన్, కుక్ మీదుగానే మూడు పాయింట్ల షాట్ వేశాడు. 85-83. దేశం మొత్తానికి మొదటి ర్యాంకు ఒక్క బంతితో చేతులు మారింది. వారం కిందటి దాకా కుక్‌ని ఎత్తిన నోళ్లే అరగంటలో కొత్త దేవుడి పేరు నేర్చుకున్నాయి. 2002 ఫిబ్రవరిలో లెబ్రాన్ బొమ్మ స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ ముఖచిత్రమైంది.

కుక్‌ని మునగచెట్టు ఎక్కించినవాళ్లెవరూ నిచ్చెన పట్టుకుని కింద నిలబడలేదు. వయసు మీరిందని ఆఖరి ఏడు హైస్కూల్లో ఆడనివ్వలేదు. డబ్బు ఆశ చూపించిన ఏజెంట్లు సంతకం పెట్టించుకున్నారు. ఆనాటి నిబంధనల ప్రకారం ఏజెంటుతో సంతకం పెడితే కాలేజీ జట్టు తలుపు మూసుకున్నట్టే. ఇంకేం మిగిలింది, డ్రాఫ్టు తప్ప? 2002 జూన్‌లో యావో మింగ్‌ని మొదట పిలిచారు. హైస్కూలు నుంచి నేరుగా వచ్చిన అమారీ స్టౌడమైర్‌ని తొమ్మిదోవాడిగా పిలిచారు. రెండు రౌండ్లూ అయిపోయాయి, కుక్ పేరు రాలేదు. ఫిలిప్పీన్స్‌లో, చైనాలో, చిన్నా చితకా లీగుల్లో ఆడాడు. 2004లో కారు ప్రమాదం కాళ్లని దెబ్బతీసింది. 2013లో దర్శకులు సాఫ్డీ సోదరులు అతని మీద డాక్యుమెంటరీ తీశారు. కాలిన ఇంటి బొగ్గులకి కూడా మార్కెట్ ఉందని అలా రుజువైంది.

ఇక జట్ల తరఫున ఆటగాళ్లని వెతికే స్కౌట్లనే పండితుల భాష వేరు. పంతొమ్మిదేళ్లవాడికి ఆట రాకపోతే ‘అప్‌సైడ్’, అంటే ఎదిగే అవకాశం, ఉందంటారు. ఇరవై రెండేళ్లవాడికి ఆట బాగా వచ్చిందంటే, ఇంతకంటే ఎదగడని పెదవి విరుస్తారు. అంటే ఇక్కడ అసలు నేరం ఆట నేర్చుకోవడం. డ్రాఫ్టుకి ముందు షికాగోలో జరిగే కంబైన్ అనే పరీక్షలో బూట్లు విప్పించి ఎత్తు కొలుస్తారు, చేతులు చాపించి వెడల్పు కొలుస్తారు, అరచెయ్యి కూడా వదలరు. 2007లో కెవిన్ డ్యూరంట్ 185 పౌండ్ల బరువుని ఒక్కసారి కూడా పైకెత్తలేకపోయాడని తెగ గాబరా పడ్డారు. 2009లో ఏడడుగుల మూడంగుళాల హషీం థబీట్‌ని రెండో స్థానంలో ఎంచుకున్నారు. అదే ఏడాది మిన్నెసోటా జట్టు ఐదు, ఆరు స్థానాల్లో వరసగా ఇద్దరు పాయింట్ గార్డుల్ని పట్టుకుపోయింది. ఏడో స్థానంలో మిగిలిపోయిన పాయింట్ గార్డు పేరు స్టెఫెన్ కర్రీ. 2014లో 41వ పేరు పిలిచే సమయానికి టీవీలో టాకో బెల్ ప్రకటన నడుస్తోంది. ఆ పేరు నికొలా యోకిచ్. తర్వాత మూడుసార్లు లీగులో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. వీళ్ల ఎంపికలో తప్పులు లేవని ఎవరనగలరు? కాకపోతే ఆ తప్పు జట్టు చేస్తే ‘రిస్కు’, కుర్రాడు చేస్తే ‘క్యారెక్టర్’.

క్లిఫ్ అలెగ్జాండర్ అయితే టోపీలతోనే మొదలుపెట్టాడు. షికాగో కుర్రాడు. 2013 నవంబరులో ఏ కాలేజీలో చేరతాడో ప్రకటించే సభ. ముందు ఇల్లినాయ్ టోపీ చేతిలోకి తీసుకున్నాడు, సొంత రాష్ట్రం ఊగిపోయింది. నవ్వి దాన్ని కింద పెట్టి కాన్సస్ టోపీ తీశాడు. కుర్రాడు టోపీ ఎంచుకోవడాన్ని పెద్ద మనుషులు టీవీల ముందు కూర్చుని చూసే దేశం అది. 2014లో నైస్మిత్ అవార్డు, దేశంలో ఉత్తమ హైస్కూలు ఆటగాడని. మరుసటి ఏడాది కాన్సస్‌లో సగటున ఏడు పాయింట్లు. ఇంట్లోవాళ్లు తీసుకున్న అప్పు మీద విచారణ మొదలయ్యేసరికి సీజన్ మధ్యలోనే బెంచీ మీద కూర్చోబెట్టారు. పిల్లల ఆట మీద కోట్లు గడించే వ్యవస్థకి ఒక తల్లి అప్పు చేస్తే పవిత్రత మంటగలిసిపోతుంది మరి. 2015 డ్రాఫ్టులో అతనికి టోపీ రాలేదు.

ప్రతిభ ఉన్నా చోటు దొరకదా అని దిగులు పడేవాళ్లకి ఊరట కలిగించే కబురు కూడా ఉంది. 2024లో లేకర్స్ జట్టు 55వ స్థానంలో బ్రానీ జేమ్స్‌ని తీసుకుంది. కాలేజీలో అతని సగటు 4.8 పాయింట్లు. అంతకు ముందు ఏడాది ప్రాక్టీసులో గుండె ఆగింది, కోలుకుని వచ్చాడు. కుర్రాడి ధైర్యాన్ని తప్పు పట్టడానికి నోరు రాదు. నాన్న ఆడే జట్టే అతన్ని వెతుక్కుంటూ వచ్చింది. ఇంకెవరైనా తీసుకుంటే ఆస్ట్రేలియా వెళ్లిపోతాడని అతని ఏజెంటు జట్లకి ఫోన్లు చేస్తున్నట్టు ప్రత్యక్ష ప్రసారంలోనే వ్యాఖ్యాత చెప్పాడు. నాలుగేళ్లకి 79 లక్షల డాలర్ల ఒప్పందం. తెలుగు సినిమాలు చూసి పెరిగినవాళ్లకి ఇందులో విడమరిచి చెప్పాల్సిందేమీ లేదు. లెనీ కుక్‌లో స్కౌట్లకి కనపడిన ఒక్క పెద్ద లోపం బహుశా అదే అయుంటుంది. ఆ మ్యాచ్‌లో లెబ్రాన్‌కి ఎదురుగా నిలబడ్డాడు తప్ప, లెబ్రాన్‌కి పుట్టలేదు.

ఎవరూ పొగడనివాడు మాత్రం హాయిగా బతికిపోయాడు. 1996లో బెన్ వాలస్‌ని ఎవరూ పిలవలేదు. నాలుగుసార్లు ఉత్తమ డిఫెండరై, 2021లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎక్కాడు. ఆరడుగుల ఫ్రెడ్ వాన్‌వ్లీట్ నాలుగేళ్లు బుద్ధిగా కాలేజీలో ఆడాడు, అంటే ముసలివాడైపోయాడు. 2016లో ఎవరికీ అక్కర్లేదు. 2019లో టొరంటోతో టైటిల్ గెలిచాడు, 2023లో హ్యూస్టన్ మూడేళ్లకి 13 కోట్ల డాలర్లకి దగ్గరగా రాసిచ్చింది. ఆస్టిన్ రీవ్స్‌లాంటివాళ్లయితే రెండో రౌండులో పిలుపు కంటే అసలు పిలవకపోవడమే మేలనుకున్నారు. పిలుపు వస్తే జట్టు మిమ్మల్ని ఎంచుకుంటుంది, రాకపోతే జట్టుని మీరు ఎంచుకోవచ్చు. ఈ సూక్ష్మం పదిహేనేళ్ల కుర్రాడికి ఏ శిబిరంలోనూ చెప్పరు. చెప్తే శిబిరం దేనికి?

డ్రాఫ్టు ముగిసిన మర్నాడు జట్లకి మార్కులు వేస్తారు, ఎ ప్లస్, బి మైనస్ అని. ఒక్క మ్యాచ్ కూడా జరక్కముందే. మార్కులు వేసినవాళ్లకి మార్కులు వేసేవాడు ఇంకా పుట్టలేదు. ఆ పట్టిక కిందే వచ్చే ఏడాది డ్రాఫ్టు జోస్యం సిద్ధంగా ఉంటుంది. ఇంకాస్త కిందికి దిగితే తొమ్మిదో తరగతి పిల్లల ర్యాంకులు. పూర్తి జాబితా కావాలంటే చందా కట్టాలి.